ఇంటి డైరీ: మేము, మా ఆర్కిటెక్ట్, మధ్యలో ఒక నోటుబుక్కు

1వ వారం

ఆర్కిటెక్ట్ మేడమ్‌తో ఈ రోజు మొదటిసారి కూర్చున్నాం. రెండేళ్లుగా ఫోన్‌లో దాచుకున్న ఫొటోలన్నీ చూపించాలని ఉత్సాహంగా వెళ్లాను. పొడవాటి కిటికీలు, గోడలో కలిసిపోయే అల్మారాలు, మెట్ల కింద పుస్తకాల అరలు. ఆవిడ ఓపికగా ఓ పది ఫొటోలు చూశారు. తర్వాత ఫోన్ పక్కన పెట్టమని, "మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేదెవరు? లేచాక మొదట ఎక్కడికి వెళ్తారు?" అని అడిగారు.

అత్తయ్య నాలుగున్నరకే లేస్తారు. లైటు వేస్తే అందరికీ మెలకువ వస్తుందని చీకట్లో గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తారు. ఇది చెప్పగానే ఆవిడ రాసుకున్నారు. మా వారు రాత్రి పొద్దుపోయే దాకా ఆఫీసు మీటింగుల్లో గట్టిగా మాట్లాడతారు. పాపకు పద్నాలుగేళ్లు, సరిగ్గా అప్పుడే చదువుకుంటుంది. నాకు ఉతికిన బట్టలు ఆరేసే చోటు, మడతపెట్టే చోటు ఇంటికి రెండు చివర్లా ఉన్నాయి. గంటన్నర ఇలాగే గడిచింది. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. బయటికి వచ్చాక మా వారు "ఇదంతా ఎందుకు అడిగినట్టు?" అన్నారు. నాకూ అదే సందేహం.

లేచేముందు ఆవిడ ఒక మాట చెప్పారు. "డాక్టరు దగ్గరికి వెళ్లి ఫలానా మాత్ర రాయండి అనం కదండీ, ఎక్కడ నొప్పో చెబుతాం. ఇక్కడా అంతే. 'కిటికీ పెద్దది కావాలి' అనకండి. 'ఇక్కడ చీకటిగా ఉంది' అనండి." నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. వారం రోజులపాటు ఇంట్లో ఎవరు ఏ వేళ ఎక్కడ ఉంటారో, ఎక్కడ చిరాకు పడతారో రాసి తెమ్మన్నారు.

2వ వారం

రాశాను. తొమ్మిది పేజీలు వచ్చింది. నాకే తెలియని సంగతులు బయటపడ్డాయి. మా ఇంట్లో హాలు రోజుకు గంట కూడా సరిగ్గా వాడం. నలుగురం ఎక్కువసేపు ఉండేది వంటింటి గుమ్మం దగ్గర. అత్తయ్య మేడ మీదికి వెళ్లి నాలుగు నెలలయిందట. మోకాళ్ల నొప్పి అని ఎప్పుడూ అనలేదు, వెళ్లడం మానేశారంతే. అది చదివి మా వారు చాలాసేపు మాట్లాడలేదు.

మేడమ్ ఆ తొమ్మిది పేజీల్ని రెండు పేజీలు చేశారు. ఒక పేజీలో తప్పకుండా ఉండాల్సినవి, రెండో దాంట్లో వీలైతే ఉండాల్సినవి. మాలో మేం ఒక మాట మీద లేమని అప్పుడే తెలిసింది. మా వారికి రెండంతస్తుల ఎత్తున్న హాలు తప్పనిసరి. నాకు అది వీలైతే చూద్దాం అనే పేజీలోదే. ఆవిడ ఎవరి పక్షమూ తీసుకోలేదు. "మీరు ఇంట్లో తేల్చుకుని రండి. నేను మధ్యలో తీర్పు చెబితే, రేపు ఓడిపోయినవాళ్లకి ఆ ఇల్లు నచ్చదు" అన్నారు. ఇంకో షరతు కూడా పెట్టారు. ఇంటి తరఫున ఆవిడతో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. మిగతావాళ్లు ఏం చెప్పాలన్నా ఆ ఒక్కరి ద్వారా రావాలి. ఆ పని నాకు పడింది.

డబ్బు సంగతి వచ్చింది. చేతిలో ఉన్నదాంట్లో కొంత తగ్గించి చెబుదామని మేం ముందే అనుకుని వెళ్లాం, ఎలాగూ పెరుగుతుంది కదా అని. ఆవిడ అది ముఖంలోనే కనిపెట్టినట్టున్నారు. "అసలు అంకె చెప్పండి. అందులో పదో వంతు అనుకోని వాటికని నేనే పక్కన పెడతాను, అది ఎక్కడుందో మనందరికీ తెలిసి ఉంటుంది. మీరు దాస్తే, మీరు దాచింది ఒకటి, నేను పక్కన పెట్టేది ఒకటి, మొత్తంగా మీకు రావాల్సిన ఇంటికన్నా చిన్నది గీస్తాను" అన్నారు. చెప్పేశాం. నాకు బరువు దిగినట్టయింది.

4వ వారం

ఒప్పందం మీద సంతకాలు. చదవకుండా పెట్టొద్దని ఆవిడే కూర్చోబెట్టి చదివించారు. పని దశలుగా విడగొట్టి ఉంది: మన అవసరాల పత్రం, మొదటి స్కెచ్‌లు, ఖరారు ప్లాన్, పని చేసేవాళ్లకి ఇచ్చే పూర్తి డ్రాయింగులు, కాంట్రాక్టర్ ఎంపిక, కట్టడం, అప్పగించడం. ఒక్కో దశ చివర ఆవిడ ఫీజులో ఒక్కో భాగం. దశ పూర్తయిందని మేం సంతకం చేస్తేనే తర్వాతది మొదలవుతుంది. ఇలా దశలు కట్టడం కొత్తేమీ కాదట. బ్రిటన్‌లో ఆర్కిటెక్టుల సంస్థ రీబా 1963లోనే ఇలాంటి పని ప్రణాళిక అచ్చువేసింది. 2020లో సవరించిన దాంట్లో సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది దశలున్నాయి. అందులో చివరిది ఇంట్లో కాపురం ఉంటున్న దశ. ఆ సంగతి నాకు బాగా నచ్చింది. తాళాలు చేతికొచ్చాక కూడా ఇంటి పని ఉంటుందని వాళ్లు రాసి పెట్టుకున్నారు.

సైటు గురించి మాకున్న పెద్ద అపోహ కూడా ఈ రోజే పోయింది. ఆర్కిటెక్ట్ అంటే రోజూ సైటు దగ్గర నిలబడి ఇటుక ఇటుకా చూసుకుంటారని అనుకున్నాం. అలా కాదు. ఆవిడ వారానికొకసారి, ముఖ్యమైన ఘట్టాల ముందు తప్పకుండా వస్తారు. పని డ్రాయింగు ప్రకారం జరుగుతోందో లేదో చూస్తారు. రోజువారీ పని చక్కగా చేయించే బాధ్యత కాంట్రాక్టర్‌ది. రోజంతా ఉండే మనిషి కావాలంటే వేరే సైటు ఇంజినీర్‌ని పెట్టుకోవాలి. పిల్లర్లు, బీములు, శ్లాబు లెక్కలు కట్టేది స్ట్రక్చరల్ ఇంజినీర్. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒక కాగితం మీద గీసి ఇచ్చారు. దాన్ని నోటుబుక్కులో అంటించాను.

7వ వారం

మూడు స్కెచ్‌లు వచ్చాయి. చేత్తో గీసినవే. కంప్యూటర్ బొమ్మలు ఎందుకు తేలేదని పాప అడిగింది. "అంత అందంగా చూపిస్తే మీరు రంగులు చూసి సరే అంటారమ్మా. పెన్సిల్ గీత అయితే చెరిపేయమని అడగడానికి మొహమాటం ఉండదు" అన్నారు.

మొహమాటం అయినా ఉంది. మొదటి స్కెచ్ నాకు నచ్చలేదు. ఆవిడ మూడు వారాలు కష్టపడి తెచ్చినదాన్ని ఎలా కాదనాలో తెలియక "బాగుందండీ" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "పేజీ 4లో మీరు రాసింది ఇందులో ఎక్కడైనా తీరలేదా?" అని అడిగారు. పేజీ 4లో బట్టల సంగతి ఉంది. తీరలేదు. అప్పుడు చెప్పగలిగాను. నచ్చలేదు అని చెప్పడం కష్టం గానీ, నా అవసరం ఇది, ఇక్కడ తీరలేదు అని చెప్పడం కష్టం కాదు. ఇంటికి వచ్చాక నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, నా 'బాగుందండీ' మీద. ఆ మాట వదిలేసి ఉంటే మేం ఏళ్ల తరబడి ఆ ఇంట్లో తడి బట్టలు మోసుకుంటూ తిరిగేవాళ్లం.

9వ వారం

మెట్ల గొడవతోనే వారం గడిచింది. ఇది వివరంగా రాయాలి.

కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. రెండో స్కెచ్‌లో మెట్టు ఎత్తు 7 అంగుళాలు, మెట్టు వెడల్పు (అంటే పాదం ఆనే చోటు) 10. మొత్తం 18 ఎత్తులు, మధ్యలో చదునైన మలుపు. ఇది తప్పేమీ కాదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బ్లాండెల్ అనే ఆర్కిటెక్ట్ మనిషి అడుగు పొడవును లెక్కలోకి తీసుకుని ఒక సూత్రం చెప్పాడు: మెట్టు ఎత్తును రెండింతలు చేసి వెడల్పు కలిపితే వాళ్ల కొలతలో 24 అంగుళాలు రావాలి. ఇప్పటికీ ఆర్కిటెక్టులు ఆ మొత్తం 60 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య ఉండేలా చూస్తారు. ఏడు రెళ్లు పద్నాలుగు, పది కలిపితే ఇరవై నాలుగు. సరిపోయింది.

కానీ మేడమ్ అత్తయ్యని పిలిపించారు. ఇటుకలు, చెక్కలు పేర్చి 7 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల ఎత్తు రెండు మెట్లు చేయించారు. అత్తయ్య మొదటిది ఎక్కేటప్పుడు ఆవిడ చెయ్యి తనంతట తానే గోడ కోసం వెతికింది. రెండోది మామూలుగా ఎక్కేశారు. ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. ఆరు రెళ్లు పన్నెండు, పన్నెండు కలిపితే అదీ ఇరవై నాలుగే. సూత్రానికి రెండూ ఒకటే, మోకాలికి కాదు.

అయితే దీనికి మూల్యం ఉంది. ఎత్తులు 18 బదులు 21 అవుతాయి, ప్రతి మెట్టూ రెండంగుళాలు వెడల్పు పెరుగుతుంది. లెక్క వేస్తే మెట్ల వరస మూడడుగులకు పైగా పొడవు పెరిగింది. ఆ మూడడుగులు హాలులోంచి రావాలి. హాలు చిన్నదయ్యాక రెండంతస్తుల ఎత్తు పెడితే బావిలా ఉంటుందని మేడమ్ చిన్న అట్ట నమూనా చేసి చూపించారు. మా వారు దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఆయనే "అమ్మ మేడెక్కాలి కదా, హాలు ఎత్తు తీసెయ్యండి" అన్నారు. రెండో వారంలో మేడమ్ తీర్పు చెప్పి ఉంటే ఈ మాట ఆయన నోటి నుంచి వచ్చేదా? రాదనే నా నమ్మకం.

ప్లాన్ చదవడం రాదని సిగ్గుపడేవాళ్లకి ఒక ఉపాయం రాస్తున్నాను, ఇది కూడా ఆవిడ చేయించిందే. ఖాళీ జాగాలో సుద్దతో పడగ్గది నిజం కొలతల్లో గీసుకున్నాం. మంచం ఉండే చోట దుప్పటి పరిచాం. తలుపు తెరిచినట్టు చెయ్యి తిప్పి చూశాం. అల్మారా తలుపు మంచానికి తగులుతోందని పాప కనిపెట్టింది. కాగితం మీద రెండు వారాలుగా మా కళ్ల ముందే ఉంది అది.

14వ వారం

కాంట్రాక్టర్ ఖరారయ్యారు. మనిషి మంచివాడు, పని తెలిసినవాడు. కానీ వెంటనే మొదలుపెడదాం, మిగతా డ్రాయింగులు పని జరుగుతుండగా వస్తాయి అని తొందరపెట్టారు. మాకూ తొందరగానే ఉంది. మేడమ్ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆవిడ సిడ్నీ ఒపేరా హౌస్ కథ చెప్పారు. దాని ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్ 1957లో డిజైన్ పోటీ గెలిచాడు. గుల్లల ఆకారంలో ఉండే పైకప్పుని ఎలా నిలబెట్టాలో ఇంకా తేలకముందే, ప్రభుత్వం పట్టుబట్టి 1959లో పని మొదలుపెట్టించింది. తీరా పైకప్పు డిజైన్ తేలాక, ముందు కట్టిన స్తంభాలు ఆ బరువు మోయలేవని వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఖర్చు మొదటి అంచనాకి పద్నాలుగు రెట్లు దాటింది. ప్రభుత్వానికీ ఆర్కిటెక్టుకీ మాటలు చెడి 1966లో ఆయన వదిలేసి వెళ్లిపోయాడు. 1973లో భవనం తెరిచినప్పుడు కూడా రాలేదు.

"మనది చిన్న ఇల్లే. కానీ ఆ తప్పు ఏ సైజులోనైనా చెయ్యచ్చు" అన్నారు.

మూడు వారాలు ఆగాం. ఆ మూడు వారాల్లో వచ్చిన డ్రాయింగులు 46. కరెంటు పాయింట్లు, నీళ్ల పైపులు, బాత్రూముల శ్లాబు ఎంత కిందికి దించాలో, ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుందో. కాగితం మీద గోడ జరపడానికి రబ్బరు చాలు, సైటు మీద గునపం కావాలి. కాలం గడిచేకొద్దీ మార్చగలిగేవి తగ్గుతాయి, మార్చడానికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. ఈ రెండు గీతలూ ఎదురెదురుగా పోయే పటం ఒకటి గీసి చూపించారు. మెక్‌లీమీ వంపు అంటారట దాన్ని.

18 నుంచి 26వ వారం దాకా

సున్నంతో ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చారు. పునాదులు, పిల్లర్లు, మొదటి శ్లాబు. ఈ కాలంలో మాకు పని తక్కువ. శ్లాబు వేసే ముందురోజు మేడమ్, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇద్దరూ వచ్చి కడ్డీల మధ్య దూరం, కడ్డీలు కిందికి ఆనకుండా పెట్టే కవర్ బ్లాకులు, పైపులు దూరే రంధ్రాలు చూసి, సంతకం చేశాకే కాంక్రీటు వెయ్యనిచ్చారు. వేసిన రోజే అదే కాంక్రీటుతో చిన్న ఘనాలు పోసి పక్కన పెట్టారు. 7 రోజులకి కొన్ని, 28 రోజులకి కొన్ని పగలగొట్టి బలం చూస్తారు. ఫలితాల కాగితాలు నాకు కూడా పంపించారు. క్యూరింగ్ నీళ్లు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచే నీళ్లు, సరిగ్గా పెడుతున్నారో లేదో నేను రోజూ సాయంత్రం వెళ్లి చూసేదాన్ని. ఎండిపోయి కనిపిస్తే మేస్త్రికి కాదు, సైటు గ్రూపులో రాసేదాన్ని. అలా చెయ్యాలని ఆవిడ ముందే చెప్పారు. సైటు మీద మాట అంటే మేడమ్ నుంచి కాంట్రాక్టర్‌కి, కాంట్రాక్టర్ నుంచి మేస్త్రికి. ఒక్కటే దారి.

29వ వారం

ఆ దారి నేనే తప్పాను.

ఆదివారం అత్తయ్యని సైటుకి తీసుకెళ్లాను. వంటింటి గోడ కిటికీ దాకా లేచింది, ఇంకా లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డదిమ్మ) వెయ్యలేదు. సింకు వచ్చే చోట నిలబడి ఆవిడ "ఇక్కడ వెలుతురు తక్కువేమో అమ్మాయ్" అన్నారు. నాలుగున్నరకి గోడ తడుముకుంటూ వెళ్లే మనిషి ఆవిడ. నా మనసు ఆగలేదు. అక్కడే ఉన్న మేస్త్రితో "ఈ కిటికీ నాలుగడుగులు కాదు, ఆరడుగులు చెయ్యండి మేస్త్రిగారూ" అన్నాను. "అలాగేనమ్మా" అన్నాడు. యజమాని నోటిమాట, అతను మాత్రం ఏం చేస్తాడు? బుధవారానికి గోడ విప్పి ఆరడుగులకి కట్టేశాడు, లింటెల్ కూడా పోసేశాడు.

గురువారం మేడమ్ వచ్చారు. కిటికీ ముందు నిలబడి డ్రాయింగు తీశారు. ఎవరు చెప్పారని అడిగితే నేనే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. డ్రాయింగు నా చేతికిచ్చి కిటికీ కుడిపక్కన సన్నటి రెండు గీతలు చూపించారు. పై బాత్రూము నుంచి దిగే పైపు అది. నేను పెంచిన రెండడుగుల మధ్యలో నుంచి సరిగ్గా దిగుతుంది. అంటే వంటింటి కిటికీకి అడ్డంగా మురుగు పైపు. పైపుని జరపాలంటే పైన శ్లాబులో రంధ్రం ఎప్పుడో పెట్టేశారు, ఇప్పుడు కొత్తచోట తొలిస్తే కింద బీము ఉంది. నాలుగడుగులకి లెక్క కట్టిన లింటెల్ కడ్డీలనే ఆరడుగులకి వేశారు, అది ఇంకో సంగతి.

నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. నేను నా అత్తగారి కోసమే చేశాను, నిజమే. కానీ ఆ గోడలో ఇంకెవరి పని దాగి ఉందో అడగలేదు.

అప్పుడు ఆవిడ అత్తయ్యకి ఫోన్ చెయ్యమన్నారు. "మీకు చీకటిగా అనిపించింది పొద్దునా, సాయంత్రమా?" అని అడిగారు. సాయంత్రం. మేం వెళ్లింది సాయంత్రం. సింకు దగ్గర నిలబడితే వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, ఎదురుగా ఉన్న కిటికీ ఎంత పెంచినా ఆ వేళకి లాభం లేదు. ఎడమ గోడలో, కౌంటర్ పైనుంచి లింటెల్ దాకా, రెండడుగుల వెడల్పున నిలువు కిటికీ ఒకటి గీశారు, అక్కడే నిలబడి. అందులో ఏ పైపూ లేదు. పెద్ద కిటికీ మళ్లీ నాలుగడుగులకి వచ్చింది.

పోయినవి: ఆరు రోజులు, కొంత ఇటుక, సిమెంటు, ఒక లింటెల్, మేస్త్రి ముఖంలో కళ. తన పని తానే విప్పుకోవడం ఏ పనివాడికీ బాగుండదు. నేను వెళ్లి అతనికి క్షమాపణ చెప్పాను. ఖర్చు మా ఖాతాలోనే, పక్కన పెట్టిన పదో వంతులోంచి. మేడమ్ ఆ రోజు నుంచి ఒక కాగితం పెట్టారు. ఏ మార్పయినా అందులో రాయాలి: ఏం ఇబ్బంది, ఏం మారాలి, దాని వల్ల ఇంకేం మారతాయి, ఖర్చెంత, రోజులెన్ని. మా సంతకం, ఆవిడ సంతకం, కాంట్రాక్టర్ సంతకం మూడూ పడ్డాకే మేస్త్రి చెయ్యి కదలాలి. 'ఏం ఇబ్బంది' అన్న గడి అన్నిటికన్నా పైన ఉంది. మొదటి వారం నోటుబుక్కులో నేను రాసుకున్న మాటే అది. ఇరవై ఎనిమిది వారాలు అది నా దగ్గరే ఉంది.

వెళ్లేముందు నన్ను ఊరడించడానికి కాబోలు ఫాలింగ్‌వాటర్ సంగతి చెప్పారు. జలపాతం మీద అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో కట్టించిన ఇల్లు. యజమాని కాఫ్‌మన్ జలపాతం కనిపించేలా ఇల్లు అడిగితే, రైట్ జలపాతం మీదే గీశాడు. ముందుకు చాచి ఉండే ఆ శ్లాబుల బలం మీద యజమాని తరఫు ఇంజినీర్లకి అనుమానం వచ్చి, రైట్‌కి చెప్పకుండా ఇనుము పెంచి వేశారు. తెలిసి ఆయన మండిపడ్డాడు. కానీ అంత ఇనుము వేసినా ఆ శ్లాబులు ఏళ్ల తరబడి కిందికి వంగుతూనే వచ్చాయి, 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టాల్సి వచ్చింది. "అనుమానం వాళ్లదే నిజం. చెప్పకుండా చెయ్యడం మాత్రం తప్పు. కూర్చుని మాట్లాడుకుని ఉంటే లెక్క మళ్లీ కట్టేవాళ్లేమో" అన్నారు. రాత్రి దాన్ని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. అనుమానం రావడం మన హక్కు. దాన్ని ఎవరికి చెప్పామన్నదే తేడా.

33వ వారం

ఈసారి తప్పు మేడమ్ ఆఫీసుది. దీన్ని కూడా రాయాలి, లేకపోతే డైరీకి న్యాయం జరగదు.

అత్తయ్య గది తలుపు ముందు కుడివైపు తెరుచుకునేలా ఉండేది, తర్వాత ఎడమకి మార్చారు. ఆ మార్పు గోడల డ్రాయింగులో వచ్చింది, కరెంటు డ్రాయింగులో రాలేదు. ఎలక్ట్రీషియన్ పాత దాని ప్రకారం గోడ తొలిచి పైపు వేసి బోర్డు పెట్టాడు. తలుపు తీస్తే స్విచ్చులన్నీ తలుపు వెనక్కి పోయాయి. పొద్దున్నే లైటు వెయ్యాలంటే గదిలోకి వెళ్లి, తలుపు మూసి, వెయ్యాలి. ఆవిడ విషయంలోనే మళ్లీ చీకటి.

చూడగానే మేడమ్ "ఇది మా పొరపాటు" అన్నారు. అంతే, దానికి ముందు గానీ వెనక గానీ ఏ కారణమూ చేర్చలేదు. తిరగతొలిచి సరిచేసిన ఖర్చు ఆవిడే పెట్టుకున్నారు. అప్పటి నుంచి సైటు గోడకి ఒక పట్టిక వేలాడదీశారు: ప్రతి డ్రాయింగు నంబరు, ఎన్నోసారి సవరించినది, ఏ తేదీ. కొత్తది రాగానే పాతదాని మీద ఎర్రగా అడ్డగీత కొట్టి తీసెయ్యాలి. పాత కాగితం సైటులో ఉండకూడదు.

నాలుగు వారాల క్రితం నా తప్పుని ఆవిడ ఎలా మోశారో గుర్తుంది కాబట్టి, ఈసారి నాకు కోపం రాలేదు. మా మధ్య నమ్మకం పెరిగింది ఇళ్ల ఫొటోలు చూసుకుంటూ కాదు, ఈ రెండు వారాల్లోనే.

36 నుంచి 43వ వారం దాకా

నిర్ణయాల కాలం. ఇంత టెన్షన్ పునాదులప్పుడు కూడా లేదు. టైల్స్, కుళాయిలు, తలుపుల హ్యాండిళ్లు, రంగులు. మేడమ్ ఒక క్యాలెండర్ ఇచ్చారు, ఏ నిర్ణయం ఏ తేదీలోగా చెప్పాలో. నేను ఆశ్చర్యపోయాను, నేల రాయి ఎంపిక ప్లాస్టరింగ్ కన్నా ముందు ఉంది! వేసేది ఎప్పుడో చివర కదా అన్నాను. కారణం చెప్పారు. హాలులో మేం అనుకుంటున్న రాయి మందం రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, గదుల్లో టైలు ఒక సెంటీమీటర్. కింద పరిచే సిమెంటు ఎంత మందం వెయ్యాలో ఇప్పుడే లెక్క కట్టకపోతే, గది గుమ్మంలో చిన్న గట్టు మిగిలిపోతుంది. అర అంగుళం కూడా ఉండదు. మనకి కనిపించదు, కాలు ఈడ్చి నడిచే పెద్దవాళ్ల కాలివేలికి తగులుతుంది. గోడలోపల దాగే కుళాయి భాగాలు కూడా అంతే, ఏ మోడలో తేలకపోతే ప్లంబర్ ఆగిపోతాడు.

రెండు తేదీలు తప్పాం. వంటింటి కౌంటర్ రాయి మీద మేం పదకొండు రోజులు తేల్చుకోలేకపోయాం. అన్ని రోజులూ వడ్రంగి ఖాళీగా ఉండి, చివరికి ఇంకో పనికి వెళ్లిపోయాడు. తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆలస్యం అంటే కాంట్రాక్టర్‌దో ఆర్కిటెక్ట్‌దో అని అందరం అంటాం. మా ఇంటి మొత్తం ఆలస్యంలో సగానికి పైగా మా సంతకం కోసం ఆగినదే. లెక్క నోటుబుక్కులో ఉంది.

47వ వారం

బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ వేశాక, టైల్స్ వెయ్యకముందు, రెండు రోజులు నీళ్లు నింపి ఉంచారు. కింద గదిలో పైకప్పు పొడిగా ఉంది. ఇది చెయ్యకుండా టైల్స్ వేసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెండు రోజులే కదా.

52వ వారం

అప్పగించే ముందు మేడమ్‌తో ఇల్లంతా తిరిగాం. ప్రతి గదిలో నాలుగు గోడలు, నేల, పైకప్పు, తలుపులు, కిటికీలు, స్విచ్చులు, కుళాయిలు, ఇదే వరసలో. 73 చిన్న లోపాలు రాశారు. గడియ పట్టని తలుపు, రంగు చారలు, తడి నేల మీద నీళ్లు నిలిచే ఒక మూల. అవన్నీ సరిచేశాకే తాళాలు. కాంట్రాక్టర్ బిల్లులో ఒక భాగం ఏడాది పాటు ఆపి ఉంచుతాం, ఈ లోపు బయటపడే లోపాలు సరిచెయ్యాలి. ఇది ముందే ఒప్పందంలో ఉంది కాబట్టి ఎవరికీ బాధ లేదు. నిజంగా కట్టినట్టు గీసిన డ్రాయింగుల కట్ట కూడా ఇచ్చారు, గోడల్లో ఏ పైపు ఎక్కడుందో అన్నీ. మేకు కొట్టేముందు అది చూడమన్నారు.

చేరిన ఏడాదికి

ఏడాది గడువు ముగిసేముందు చూడ్డానికి మేడమ్ వచ్చారు. మేడ మీద రెండు చోట్ల ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత బీటలు, ఒక కిటికీ రబ్బరు. కాంట్రాక్టర్ మనిషి రాసుకున్నాడు.

తర్వాత ఆవిడ తన నోటుబుక్కు తీసి అత్తయ్య పక్కన కూర్చున్నారు. మళ్లీ మొదటి రోజు ప్రశ్నలే. పొద్దున్నే ఎన్నింటికి లేస్తున్నారు, లైటు వేసుకుంటున్నారా, మేడ మీదికి ఎన్నిసార్లు వెళ్తున్నారు. అత్తయ్య రోజూ వెళ్తున్నారు, మొక్కలకి నీళ్లు పొయ్యడానికి. సింకు దగ్గర సాయంత్రం లైటు వెయ్యక్కర్లేదట. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడిగితే ఆవిడ చాలాసేపు ఆలోచించి, "దిగేటప్పుడు ఆఖరి మెట్టు దగ్గర పట్టుకునేది అయిపోతుందమ్మా" అన్నారు.

మేడమ్ లేచి వెళ్లి చూశారు. చేతికమ్మి సరిగ్గా చివరి మెట్టు అంచు దగ్గరే ఆగింది. కాలు నేల మీద ఆనేసరికి చెయ్యి గాలిలో ఉంటుంది. ఇంకో అడుగు ముందుకు పోవాలి. ఆవిడ దాన్ని గీసుకుని, పక్కన మార్పుల కాగితం పెట్టి, మొదటి గడిలో అత్తయ్య మాటలు యథాతథంగా రాశారు. నేను సంతకం పెట్టాను. మంగళవారం వడ్రంగి వస్తాడు.